హాల్లో కట్టిన ఊరు

మా ఆయన కొండ మీది ఊరికి సువార్త చెప్పడానికి వెళ్తున్నారన్న సంగతి నాకు సంఘమంతటితో పాటే తెలిసింది. ఆదివారం ఆరాధన చివర్లో పాస్టరు అయ్యగారు ప్రకటనలు చదివారు. ఎవరిదో నల్ల గొడుగు బల్లల కింద దొరికింది, గుర్తు చెప్పి తీసుకెళ్లండి. మన అద్దాల అన్న రెండేళ్ల పరిచర్య కోసం తనను తాను సమర్పించుకున్నారు, స్తోత్రం. మంగళవారం స్త్రీల కూడిక ఐదింటికి కాదు, ఆరింటికి. ఇదీ వరస. గొడుగుకీ కూడికకీ మధ్యలో నా మొగుడు ఎగిరిపోయాడు.

జనమంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. పక్కనే కూర్చున్న బేకరీ వదిన నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "ఎంత ధన్యురాలివమ్మా! మొగుణ్ణి రెండేళ్లు పంపడానికి ఎంత మనసుండాలి!" అంది. నాకు లేదు అంత మనసు. అయినా ముప్ఫై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వాను. వాటిలో రెండు కట్టుడు పళ్లు, అవి కూడా నవ్వాయి.

మా ఆయనది కళ్లజోళ్ల పని. మా ముందు గదే ఆయన దుకాణం. కిటికీ కింద అద్దాలు అరగదీసే చక్రం, గోడ మీద పైనుంచి కిందికి చిన్నవైపోయే అక్షరాల అట్ట, బల్ల మీద గుడ్డ పరిచి దాని మీద వరసగా ఫ్రేములు. నోట్లో నాలుక లేని మనిషి. వచ్చినవాళ్ల ముక్కు మీద ఫ్రేము పెట్టి, అద్దం మార్చి మార్చి, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడగడం తప్ప రోజంతా పెద్దగా మాట్లాడరు. రోజుకి ఇరవై మందిని అలా అడుగుతారు. ఇంట్లో ఉన్న ఒక్కదాన్ని మాత్రం అడగలేదు.

ఆయన వెళ్లాలనుకున్న ఊరు బస్సు ఆగిపోయే చోటు నుంచి ఒకటిన్నర రోజు నడక. అక్కడ నలభై దాటినవాళ్లెవరూ సూదిలో దారం ఎక్కించలేరట. గింజల్లో రాళ్లు ఏరలేరట. కళ్లజోళ్లు చేసి ఇవ్వాలి, దాంతో పాటు దేవుడి మాట చెప్పాలి. మంచి పనే, నేనెప్పుడు కాదన్నాను? నన్నెవరడిగారు కాదనడానికి?

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే మొదలుపెట్టారు, పళ్లెంలోకి చూస్తూ.

"నువ్వేమైనా అంటావేమోనని చర్చిలో చూశాను. ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ముందు అడిగితే కదండీ మౌనం! అడగని దానికి మౌనమేంటి? దాన్ని ఊరికే కూర్చోవడం అంటారు."

"నీకు ఉద్యోగం ఉంది కదా అని..." అని సగంలో ఆపేశారు. చెయ్యి కడుక్కుని చక్రం దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. ఆదివారం పూట ఎవరి అద్దాలు అరగదీశారో ఆ దేవుడికే తెలియాలి.

నేనూ పట్టు పట్టాను. అడిగేదాకా ఆ ఊరి మాట ఎత్తితే ఒట్టు. ఐదు వారాలు మా ఇంట్లో నడిచిన మాటలు రెండే. ఉప్పు సరిపోయిందా? గడియ వేశారా? అడిగితే ఏమనేదాన్నో నాకే తెలియదు. వెళ్లండి అనేదాన్నో, వద్దనేదాన్నో, నేనూ వస్తాననేదాన్నో. అది తరవాతి సంగతి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, పెళ్లాం మాత్రం ఎందుకు పెడుతుంది?

ఈలోగా ఇంట్లో ప్రయాణపు పనులు సాగుతూనే ఉన్నాయి. ఆయన అద్దాలన్నీ పరీక్షించి, ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దుకున్నారు. అక్కడ చెప్పాల్సిన ప్రసంగం రాసుకుని అక్షరాల అట్ట ముందు నిలబడి బట్టీ పట్టారు. "సోదరులారా, సోదరీమణులారా! చూపు రెండు రకాలు. ఒకటి కంటి చూపు, రెండోది మనసు చూపు..." వంటింట్లోంచి వినీ వినీ నాకూ వచ్చేసింది. ఎక్కడ తడబడతారో కూడా తెలుసు. మనసు చూపు దాటగానే ఒక ఉదాహరణ ఉంది, అక్కడ ప్రతిసారీ దగ్గొచ్చేది.

నా ఉద్యోగం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ నాది. ఇరవై రెండేళ్లుగా అద్దంలోని గుండ్రటి కంతకి ఇటు నేను, అటు కుళాయి రాని జనం. రేపొస్తాయంటే నమ్మరు, ఎల్లుండొస్తాయంటే అసలే నమ్మరు. ఒకసారి ఒకాయన ఖాళీ బిందె తెచ్చి నా కిటికీ ముందు బోర్లించి, సాయంత్రం దాకా దాని మీదే కూర్చున్నాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. నమ్మని మనిషి ఎలా కూర్చుంటాడో, ఏ మాటకి మొహం ఎటు తిప్పుకుంటాడో నాకు తెలిసినంతగా మా సంఘంలో ఇంకెవరికీ తెలియదు.

మా సంఘంలో ఒక పద్ధతుంది. ఎవరినైనా దూరపు ఊరికి పంపే ముందు హాల్లో ఒక ఉత్తుత్తి ఊరు కడతారు. కట్టేది సంఘపెద్ద, రిటైరైన హెడ్మాస్టారు. బల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే కొండ. నీలం దుప్పటి పరిస్తే వాగు. సంఘస్తులే నెత్తిన గుడ్డలు కప్పుకుని ఊరివాళ్లయిపోతారు. వెళ్లాల్సినవాళ్లు వాగు దాటి వచ్చి, ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడినట్టు వాళ్లతో మాట్లాడాలి. మూడు శనివారాలు ఇలా పరీక్ష. అంతా బాగానే ఉంది కానీ చిక్కల్లా ఒక్కటే. ఉగ్గుపాలతో నమ్మకం తాగినవాళ్లకి నమ్మకపోవడం ఎలాగో తెలియదు.

మొదటి శనివారం మా ఆయన వాగు దాటి వచ్చి "చూపు రెండు రకాలు" అనగానే బేకరీ వదిన భోరుమంది. "నేను పాపిని!" అంది. ఆయన ఇంకా పెట్టె మూత కూడా తీయలేదు. రోగి వేషంలో పడుకున్న దర్జీ, ప్రార్థన మొదలుకాకముందే లేచి కూర్చుని నాకు నయమైపోయిందన్నాడు. చర్చి వాచ్‌మన్ ఊరిపెద్ద. "ఎవరు మీరు? మీ దేవుడెవరో మాకు తెలియదు" అని మీసం మీద చెయ్యేసి గంభీరంగానే మొదలుపెట్టాడు. కానీ మా ఆయన వాక్యం చెబుతుంటే పాపం ఉండబట్టలేకపోయాడు. "అది మూడో వచనం కాదన్నా, పద్నాలుగు" అని సరిదిద్దాడు. దేవుడెవరో తెలియని ఊరిపెద్ద!

హెడ్మాస్టారు గడియారం చూసుకుని, "ఏడు నిమిషాల్లో ఊరంతా మారిపోయింది, స్తోత్రం" అని పుస్తకంలో రాసుకున్నారు. రెండో శనివారం నాలుగు నిమిషాలే పట్టింది. బాప్తిస్మం కోసం నీలం దుప్పటి పక్కన వరస కట్టి, ఊరివాళ్లంతా శ్రుతి తప్పకుండా మూడు చరణాల పాట పాడారు. నేను వెనక టీ బల్ల దగ్గర కప్పులు తుడుస్తూ చూస్తున్నాను. నవ్వాపుకోలేక ఒక కప్పు పగలగొట్టాను.

"బాగా జరిగింది కదూ?" అన్నారు ఆయన ఇంటికి వచ్చాక, మొహం వెలిగిపోతూ.

"గడియ వేశారా?" అన్నాను.

మూడో శనివారం పెద్ద సిస్టర్ వచ్చింది. పొట్టి మనిషి, నర్సు, ఎండకి మాడి నల్లబడిన చేతులు. ఆ కొండ ఊళ్లోనే పదకొండేళ్లు ఉండి, మోకాళ్లు అరిగిపోయాక దిగి వచ్చింది. ఇప్పుడు ఎవరిని పంపాలో తేల్చేది ఆమే. ఆమె సంతకం పెడితేనే ప్రయాణం, లేకపోతే లేదు. ముందు వరసలో కూర్చుని, నాలుగు నిమిషాల్లో ఊరంతా మారడం చూసింది. చూసి, కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వింది.

"ఏం సిస్టరమ్మా, బాగా లేదా?" అని హెడ్మాస్టారు నొచ్చుకున్నారు.

"ఎందుకు బాగా లేదు మాస్టారూ! పదకొండేళ్లలో నా మాట నమ్మింది నలుగురు. అందులో ఒకాయన మళ్లీ మానేశాడు. నన్ను ఆ ఊరికి కాకుండా మీ ఊరికి పంపి ఉంటే ఎంత సుఖపడేదాన్ని!" చీర కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "చెప్పింది చెప్పినట్టు నమ్మని మనిషి ఒక్కరైనా లేరా మీ సంఘంలో?"

హాలంతా నా వైపు తిరిగింది.

"ఆ చెల్లెమ్మ ఉంది కదా," అన్నాడు వాచ్‌మన్. "మా వీధిలో నీళ్లు రావట్లేదని నేను ఏడు సార్లు చెబితే, ఎనిమిదోసారి కూడా 'నిజంగానే రావట్లేదా?' అని అడిగింది."

"నాకు పనుంది" అన్నాను, తుడిచే గుడ్డ చూపించి. సిస్టర్ ఆ గుడ్డే లాక్కుని నా నెత్తిన వేసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఊరి మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీరు ఆ ఊరి మనిషి. ఈయన మీతో మాట్లాడతాడు. మీకు ఎలా అనిపిస్తే అలా మాట్లాడండి, మొహమాటం వద్దు. దాన్ని బట్టే నేను సంతకం పెట్టేదీ మానేదీ."

నేను ఈయన భార్యనని ఆమెకు తెలియదు. చెబుదామని అయ్యగారు నోరు తెరిచారు. కళ్లతోనే మూయించాను. ఐదు వారాలుగా లోపల కుతకుతలాడుతున్న మనిషికి ఇంత అవకాశం దొరికితే వదులుకుంటుందా? రెండు మాటలంటే చాలు, ఆయన ప్రయాణం ఆగిపోతుంది. దేవుడు న్యాయవంతుడు అనుకుని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

ఆయన పెట్టె పట్టుకుని వాగు దాటి వచ్చారు. గుడ్డ కింద ఉన్న నన్ను దగ్గర నుంచి చూడగానే పెట్టెని గుండెకి హత్తుకున్నారు.

"వందనాలండీ" అన్నారు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాను.

వెనక ఎవరో "అమ్మో" అన్నారు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన్ని నేను నువ్వు అని ఎరగను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అందుకని ఇంకోసారి అన్నాను. "నిన్నేనయ్యా! ఎవరు నువ్వు, ఏం పని మీద వచ్చావు?"

"కింద పట్నం నుంచి వచ్చానమ్మా. మీకు ఒక మంచి మాట చెబుదామని."

"చెప్పు మరి. తొందరగా చెప్పు, పొయ్యి మీద కూరుంది."

"చూపు రెండు రకాలమ్మా..."

"మా ఇంట్లో మూడు. మా అత్త చూపు వేరే రకం."

బేకరీ వదిన కిసుక్కున నవ్వి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఆయన ప్రసంగం అక్కడితో ఆగిపోయింది. తరవాతి వాక్యం నాకు నోటికొచ్చు. అందించలేదు. ఆయన కాసేపు నా వైపు, కాసేపు కొండ వైపు చూసి, ఇక లాభం లేదనుకున్నారేమో, కింద కూర్చుని పెట్టె తెరిచారు.

అక్కడి నుంచి ఆయన వేరే మనిషి. నా కళ్లజోడు తీయమని, ఫ్రేము నా ముక్కు మీద పెట్టారు. నా నంబరు ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. అయినా ఆ అద్దం తీయలేదు. ఎవరో కొత్త మనిషికి చూసినట్టు మొదటి అద్దం నుంచి మొదలుపెట్టారు. "ఇప్పుడు బాగుందామ్మా, ఇందాక బాగుందా?" ఆ వేళ్లకి చక్రం పొడి వాసన. నాకు ఆ వాసన ఇష్టం. ఇష్టమని గుర్తొచ్చి ఇంకా ఒళ్లు మండింది. చివరికి సూదీ దారం నా చేతికిచ్చారు. దారం ఒక్క దెబ్బకి ఎక్కింది. హాల్లో చప్పట్లు.

"అద్దాలు బాగానే ఉన్నాయి," అన్నాను. "ఇవి తీసుకుంటే మీ దేవుణ్ణి నమ్మాలా?"

"అక్కర్లేదమ్మా. నమ్మినా నమ్మకపోయినా అద్దాలు మీవే."

సిస్టర్ మెల్లగా తల ఊపింది. అక్కడ నేను ఊరుకుని ఉంటే ఆయన నెగ్గేసేవారు. ఊరుకోలేదు.

"పెళ్లయిందా నీకు?"

ఆయన చెయ్యి పెట్టె మీద ఆగిపోయింది. "అయిందమ్మా."

"మరి పెళ్లామేదీ?"

"కింద ఇంట్లో ఉంది. ఉద్యోగం చేస్తుంది."

"రెండేళ్లు దాన్ని వదిలేసి వచ్చావా? ఏమంది?"

"ఏమీ అనలేదు."

"నువ్వు అడిగావా?"

దర్జీ పడుకున్నవాడల్లా లేచి కూర్చున్నాడు.

"లేదు."

"ఎందుకడగలేదు?"

ఆయన సర్దినవే మళ్లీ సర్దడం మొదలుపెట్టారు. ఆ అద్దాలతోనే చెబుతున్నట్టు, నన్ను చూడకుండా చెప్పారు. "అడిగితే వద్దంటుందని. తను వద్దంటే నేను ఆగిపోతాను. నాకేమో ఆగాలని లేదు. అందుకని అడగలేదమ్మా. తనకి ఉద్యోగం ఉంది, ఇబ్బందవుతుంది అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. దేవుణ్ణి మాత్రం అడిగాను. రోజూ అడిగాను. దేవుణ్ణి అడగడం తేలిక."

నా అద్దాలు మసకబారాయి. ఏడుపు కాదు, కోపం. సరే, ఏడుపే. ఇంతకాలం ఈ మనిషికి నా మాటంటే లెక్కలేదు అనుకున్నాను. లెక్క ఉండబట్టే అడగలేదట. ఇది విని సంతోషించాలో, నాలుగు ఉతకాలో తెలియలేదు.

"మరి మమ్మల్ని అడిగావా?" అన్నాను. నెత్తిన గుడ్డ ఉన్నందుకో ఏమో, ఆ ప్రశ్న నిజంగా ఆ ఊరి ఆడమనిషి అడిగినట్టే వచ్చింది. "మా ఊరికి రావచ్చా అని మమ్మల్ని ఎవరు అడిగారు? ఇంట్లో మనిషినే అడగలేనివాడివి, ముక్కూ మొహం తెలియని మమ్మల్నేం అడుగుతావు? నీకు చెప్పడం వచ్చు, అడగడం రాదు. పో. ముందు నీ పెళ్లాన్ని అడిగి రా, తరవాత నీ మంచి మాట వింటాను."

ఆయన లేచారు. పెట్టె అక్కడే వదిలేసి, దుప్పటి వాగు తొక్కుకుంటూ నడిచి, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయారు.

"ఇది వరసలో లేదే!" అన్నారు హెడ్మాస్టారు, పుస్తకం తిరగేస్తూ.

ఇంటికి వెళ్లిపోయారేమో, ఇక జన్మలో నాతో మాట్లాడరేమో అని ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి టీ బల్ల పక్కనున్న తలుపు తెరుచుకుంది. చర్చి చుట్టూ తిరిగి ఆ తలుపులోంచి వచ్చారు. నేరుగా వచ్చి నా కుర్చీ ముందు నిలబడ్డారు. ఎందుకో నా చెయ్యి దానంతట అదే నెత్తి మీది గుడ్డ తీసేసింది.

"ఏమోయ్," అన్నారు. ఇంట్లో పిలిచే పిలుపు. పదిమందిలో ఎప్పుడూ అలా పిలవలేదు. "నాకు ఆ ఊరికి వెళ్లాలని ఉంది. రెండేళ్లు. వెళ్లనా?"

"వద్దు" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. లోపల ఎక్కడో ఐదు వారాలుగా కాచుకుని కూర్చుంది కాబోలు, అడగగానే ఎగిరి బయటపడింది.

"సరే" అన్నారు ఆయన.

గొణగలేదు, మొహం ముడుచుకోలేదు. వంగి పెట్టె మూత వేశారు. సిస్టర్ వైపు తిరిగి, "నా పేరు కొట్టేయండి సిస్టరమ్మా. మా ఆవిడ వద్దంటోంది" అన్నారు.

"ఈవిడ మీ ఆవిడా!" సిస్టర్ నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. చూసి, కాగితం ఒళ్లో పెట్టుకుని సంతకం పెట్టేసింది. "అక్కడివాళ్లు నన్ను లెక్కలేనన్ని సార్లు వద్దన్నారు. ఆ మాట చెవికెక్కించుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఈయనకి ఒక్కసారే చెప్పాల్సొచ్చింది. నా వరకు నేను పంపుతాను. వెళ్లడమో మానడమో మీరిద్దరూ తేల్చుకోండి."

మామూలుగా అయితే నేను ఆ క్షణాన సంతోషించాలి. ఆయన అడిగారు, నా మాట విన్నారు. ఇంకేం కావాలి? కానీ మూసిన ఆ పెట్టె చూడగానే నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"సరే అంటే సరేనా?" అని లేచాను. "ఐదు వారాలు అట్ట ముందు నిలబడి దగ్గుతూ బట్టీ పట్టారే, ఒక్క 'వద్దు'కే మూట కట్టేస్తారా? ఒక్క మాటైనా బతిమాలరా? ఎందుకు వద్దో అడగరా?"

"ఎందుకు వద్దు?" అన్నారు ఆయన, బుద్ధిగా.

"భయం నాకు!" అని అరిచాను. "మీరు లేని ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే భయం. మీకు అక్కడ ఏమైనా అయితే ఒకటిన్నర రోజు దాకా నాకు కబురు కూడా రాదు. పోనీ మీతో వద్దామంటే, ఆ కొండ మీద నాకు ఏ పనీ చేతకాదని భయం. ఇవన్నీ ఎవరికి చెప్పుకోను? అడిగే నాథుడేడీ?"

చెప్పేశాక హాలు గుర్తొచ్చింది. అందరూ వింటున్నారు. సిగ్గుపడాల్సింది, ఎందుకో పడలేదు. ఒళ్లు తేలికైంది.

"నాకూ భయమే," అన్నారు ఆయన. "మరి ఏం చేద్దాం?"

"ఆరు నెలలు," అన్నాను. "ఇద్దరం వెళ్దాం. ముందు ఆ ఊరివాళ్లకి కబురు పంపి, రమ్మంటేనే వెళ్దాం. వాళ్లు పొమ్మంటే వచ్చేద్దాం. నేను వెళ్లిపోదామన్నా వచ్చేద్దాం."

"సరే" అన్నారు ఆయన. ఈసారి ఆ మాటకి నాకు కోపం రాలేదు. బేకరీ వదిన వెక్కి వెక్కి ఏడుస్తోంది. అయ్యగారు ప్రార్థన చేద్దామా అంటే, ముందు టీ తాగుదామంది సిస్టర్.

వారం తిరక్కుండానే ఆ ఊరి నుంచి రమ్మని కబురొచ్చింది. ఆ తరవాతి సోమవారం ఆఫీసుకి వెళ్లగానే ఆరు నెలల సెలవుకి కాగితం తీసుకున్నాను. పేరు, హోదా, తేదీలు నింపాను. 'కారణం' అన్న గీత దగ్గర పెన్ను ఆగిపోయింది. అనారోగ్యం అంటే అబద్ధం. దైవకార్యం అంటే సగమే నిజం. మా ఆఫీసరు నా బల్ల పక్కనే నిలబడి, ఇరవై రెండేళ్లలో ఒక్కనాడూ సెలవు పెట్టని మనిషికి ఉన్నట్టుండి ఏమొచ్చిందా అని చూస్తున్నాడు. చివరికి ఉన్న మాటే రాసి ఆఫీసరు చేతికిచ్చాను.

కారణం: మా ఆయన అడిగారు.